మావయ్య అరచెయ్యి, తవ్వే ఆట

పోయిన వారం రాజమండ్రిలో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని, ఫోన్‌లో వంటల వీడియో చూస్తుంటే మధ్యలో ఒక ఆట ప్రకటన వచ్చింది. ముందు భాగంలో డ్రిల్లు బిగించిన చిన్న బండి ఒకటి భూమిని తొలుచుకుంటూ కిందికి పోతోంది. ఎర్రమట్టి, దాని కింద నల్లరాయి, దాని కింద మెరిసే రంగురాళ్ళు. ఎక్కడి నుంచో ఒక వేలు వచ్చి నొక్కగానే డ్రిల్లు రెండింతలయింది. ఐదు సెకన్ల తర్వాత దాటేయవచ్చని రాసి ఉంది కాని నేను దాటేయలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఫోన్‌లోకి ఒకసారి, నా తలలోని తెల్లవెంట్రుకల్లోకి ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. ఈ వయసులో ఇదేం సరదా అనుకుని ఉంటుంది. ఇలాంటి ఆటనే మా మేనమామ యాభై దాటాక రెండు నెలల పాటు, ఉద్యోగానికి వెళ్ళినంత శ్రద్ధగా ఆడాడని ఆవిడకి చెప్పాలనిపించింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

మావయ్య అమ్మకి తమ్ముడు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు, చేతిబోరు మేస్త్రి. మా ఊరు ద్రాక్షారామం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. అక్కడి భూమి సంగతి కొంచెం చెప్పకపోతే ఆయన పనితనం అర్థం కాదు. మిగతా చోట్ల లోతుకి పోయేకొద్దీ మంచి నీళ్ళంటారు. మా దగ్గర ఎవరు ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయి, తాగే నీళ్ళు మాత్రం ఒకే ఒక్క పొరలో ఉంటాయి. పైన నల్లమట్టి, దాని కింద పిండిలాంటి సన్న ఇసుక, ఆ కింద గరుకు ఇసుక. ఆ గరుకు ఇసుకలోనే తియ్యనీళ్ళు. ఆ పొర ఒక దొడ్లో పదడుగుల మందం ఉంటే పక్క దొడ్లో మూడడుగులే ఉండవచ్చు. దాని అడుగున జిగురుగా బంకమట్టి. ఆ బంకమట్టిని పొడిచామా, కింద ఉన్న ఉప్పునీళ్ళు పైకెక్కి అంతా పాడవుతుంది. అంచేత మా వైపు బోరు మేస్త్రికి రావలసిన విద్య ఎక్కడ ఆగాలో తెలియడం.

ఆ విద్య మావయ్య కుడి అరచేతిలో ఉండేది. వెదురు గెడలు పాతి, మధ్యలో ఇనప పైపు నిలబెట్టి, ఇద్దరు మనుషులు మోకు పట్టుకుని ఆ పైపుని పైకి లాగుతూ వదులుతూ ఉంటారు. గెడలకి అడ్డంగా కట్టిన బల్ల మీద కూర్చుని మావయ్య పైపు మూతిని అరచేత్తో మూస్తాడు, తెరుస్తాడు. పైపు లేచేటప్పుడు మూత, పడేటప్పుడు తెరుపు. తెరిచినప్పుడల్లా ఇసుక కలిసిన బురదనీళ్ళు చేతికి కొట్టుకుని పక్కన గుంటలో పడతాయి. రుచి చూద్దామా అంటే తవ్వుతున్నంతసేపూ బోరులో పోసేవి బయటి నీళ్ళే. రంగు చూద్దామా అంటే అంతా ఒకటే బురద. సన్న ఇసుక అయిపోయి గరుకు ఇసుక మొదలవడం, అది అయిపోవస్తూ మధ్యలో మట్టి జిగురు తగలడం చేతికి మాత్రమే తెలుస్తాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు "మీ చెయ్యే పడాలండి" అని వారాల తరబడి ఆయన కోసం ఆగేవారు. చిన్నప్పుడు ఆయన నా బుగ్గ నిమిరితే కొబ్బరిపీచు రాసినట్టుండేది, నేను అరిచేదాన్ని, అమ్మ నవ్వేది.

రెండు వేల నాలుగో ఐదో, నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. అన్నయ్య చదువుకని కొన్నారు. వాడు మాత్రం రాజమండ్రి హాస్టల్లో ఉండేవాడు కాబట్టి అది నాదైపోయింది. అమ్మ దానికి పూల గుడ్డతో ముసుగు కుట్టింది. చెప్పులతో ఆ గదిలోకి వెళ్తే ఊరుకునేది కాదు. సెలవులకి వచ్చినప్పుడు అన్నయ్య నెట్ సెంటర్లో ఎక్కించుకుని వచ్చిన సీడీలో ఈ తవ్వే ఆట ఉంది. చిన్న బండితో భూమిని తొలవడం, దొరికిన రాళ్ళు పైకి తెచ్చి కొట్లో అమ్మడం, ఆ డబ్బుతో ఇంకా గట్టి డ్రిల్లు, ఇంకా పెద్ద ట్యాంకు కొనుక్కుని ఇంకా కిందికి పోవడం. అంతే ఆట. కింద ఉండగా ఆయిల్ అయిపోతే బండి పేలిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి. నాది ఒట్టి దురాశ ఆట. ఆయిల్ ముల్లు ఎరుపులోకి వచ్చినా ఇంకొక్క రాయి, ఇంకొక్క రాయి అనుకుంటూ కిందికే పోయేదాన్ని. రోజుకి పదిసార్లు పేలిపోయేది.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మావయ్య స్నానం చేసి, తెల్ల లుంగీ కట్టుకుని టీకి వచ్చి, నా వెనక నిలబడి చూశాడు. తర్వాత అడిగాడు, "కేసింగు పైపేదమ్మాయ్? గొయ్యి కూలిపోదా?"

"కూలదు మావయ్యా. అది వేరే గ్రహం."

"నీళ్ళెన్ని అడుగుల్లో పడతాయి?"

"నీళ్ళుండవు అక్కడ."

"మరి బోరు దేనికంట?" అని టీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే వేళకి వచ్చి, నన్ను లేపి, కుర్చీలో తాను కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజూ అదే వరస. పొద్దున్న పని, సాయంత్రం ఆట. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమంటుంటే "ఆ కోడిపిల్లని ఊరుకోమను" అనేవాడు కాని లేచేవాడు కాదు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, పగలంతా తవ్వింది చాల్లేదా" అని నవ్వేది. ఆడే తీరు కూడా ఆయనదే. ముల్లు సగానికి రాగానే ఎన్ని రాళ్ళు కనిపిస్తున్నా వదిలేసి పైకి వచ్చేసేవాడు. ఆయన బండి రెండు నెలల్లో ఒక్కసారి కూడా పేలలేదు. నేను పక్కన కూర్చుని "ఇంకొంచెం పో మావయ్యా, కింద ఇంకా మంచివుంటాయి" అని పోరు పెట్టేదాన్ని. ఆయనకి ఒకటే ఇబ్బంది. బాణం మీట నొక్కే ముందు ప్రతిసారీ తల వంచి వేలి వంక చూసుకునేవాడు. నొక్కాక మళ్ళీ చూసి, "నొక్కుకుందా?" అనేవాడు. కొత్త కదా అనుకున్నాను. నెల దాటాక కూడా అడుగుతూనే ఉన్నాడు.

ఒకనాడు అమ్మ పొయ్యి మీది నుంచి దింపిన టీ స్టీలు గ్లాసులో పోసిచ్చింది. నేను కొంగుతో పట్టుకుని అందించిన గ్లాసుని మావయ్య కుడి చేత్తో పూర్తిగా చుట్టి పట్టుకుని, తెర మీది ముల్లునే చూస్తూ అలాగే కూర్చున్నాడు. అరచెయ్యి ఎర్రబడుతోంది. నేను గ్లాసు లాక్కున్నాను. ఆయన చేతి వంక చూసుకుని, అమ్మ వంటింట్లోనే ఉందో లేదో చూసి, గొంతు తగ్గించాడు.

"తెలీట్లేదమ్మాయ్. షుగరంట. ఏడాదైంది."

"మరి బోర్లు?"

"పాత అలవాటు మీద నెట్టుకొస్తున్నా. మొన్న రెండు చోట్ల అదృష్టం బాగుండి ఆగాను." తెర వైపు గడ్డంతో చూపించాడు. "మెషీను బోరాయన రమ్మంటున్నాడు. అందులో చేత్తో పని లేదు, ముల్లు చూసుకుంటూ మీట తిప్పడమే. కళ్ళతో తవ్వడం నాకు చాతవుద్దో లేదోనని చూసుకుంటున్నా. మీ అమ్మకి చెప్పకు."

మేమంతా వేళాకోళం చేసిన ఆట ఆయనకి పరీక్ష అని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం బండిని పైకి తెచ్చి ఆయిల్ పోయించుకుంటున్నాడు.

అంతలో వేసవి వచ్చి కాలువకి నీళ్ళు కట్టేశారు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక మా పాత పంపు ఎప్పుడో ఉప్పెక్కింది. అమ్మ మోకాళ్ళ నొప్పులతో, తియ్యనీళ్ళ పంపున్న మెరకవీధి దాకా వెళ్ళి రోజుకి నాలుగు బిందెలు మోసుకొచ్చేది. దొడ్లో కొత్త బోరు వెయ్యమని తమ్ముణ్ణి పట్టుకుంది. మావయ్య మెషీను పిలిపిద్దామన్నాడు. "ఇంట్లో నిన్ను పెట్టుకుని మెషీనేంట్రా, నవ్విపోతారు" అంది అమ్మ. కాదనడానికి ఆయన దగ్గర కారణం ఉంది కాని అది పైకి చెప్పేది కాదు. చెబితే ఆ రోజుతో మేస్త్రి పేరు పోతుంది. తప్పు చోట ఆగితే అక్కకి బిందెల మోత తప్పదు, పేరు ఎలాగూ పోతుంది. అలా ఇరుక్కుపోయాడు.

పని మొదలుపెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టాక, వీధిలో వాళ్ళంతా చూస్తుండగా మావయ్య బల్ల ఎక్కి, "ఇంటి ఆడపిల్ల చెయ్యి తడిస్తే తియ్యనీళ్ళు పడతాయంట. అమ్మాయ్, ఆ చిమ్మే నీళ్ళ కింద చెయ్యి పెట్టి కూర్చో" అన్నాడు. అలాంటి ఆచారం ఎక్కడా లేదు, అప్పటికప్పుడు ఆయన పుట్టించింది. మోకు లాగే పెద్దాయన కూడా "ఆయ్, అవునండి, మంచిదండి" అని తలూపాడు. తమాషా ఏమిటంటే ఆ తర్వాత మా వీధిలో ఏ బోరు వేసినా ఆడపిల్లని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అసలు సంగతేమిటంటే, పనికి ముందు రోజు సాయంత్రం ఆయన నాకు రెండు గిన్నెల్లో రెండు ఇసుకలు తెచ్చి, నీళ్ళు పోసి, కళ్ళు మూసుకుని పట్టుకోమన్నాడు. సన్నది వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది. గరుకుది గుచ్చుకుంటుంది. "గుచ్చుకోగానే నా వంక చూడు, అంతే" అన్నాడు.

నల్లమట్టి దిగడానికి మధ్యాహ్నమైంది. భోజనాలయ్యాక సన్న ఇసుక మొదలైంది. పైపు లేచి పడుతోంది, గోరువెచ్చటి బురద నా అరచేతిలో పడి జారిపోతోంది, మట్టి వాసన ముక్కు నిండా ఉంది. ఇంకో పైపు అతికారు. కాసేపటికి చేతిలో ఏదో సన్నగా గుచ్చుకుంది. ఇదేనా అనుకున్నాను. మావయ్య నా వంకే చూస్తున్నాడు. నేను తల దించుకున్నాను. గట్టిగా తెలిశాకే చెబుదామనుకున్నాను. నిజం చెప్పాలంటే అదొక్కటే కాదు, ఇంకొంచెం కిందికి పోతే ఇంకా మంచి పొర వస్తుందేమోనన్న పాడు ఆశ కూడా ఉంది. అది ఆ ఆటలో పట్టుకున్న రోగం. గరుకు బాగా పెరిగింది, ఇంకా ఆగాను. ఇసుక మధ్య ఏదో జిగురుగా తగిలేసరికి ఆయన వంక చూశాను. ఆయన వెంటనే చెయ్యి ఎత్తి "ఆపండెహె" అన్నాడు. పైపుని బాగా పైకి లాగించి అక్కడ ఫిల్టరు దింపాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

మర్నాడు పంపు బిగించి, బురద పోయేదాకా పొద్దుటి నుంచీ కొట్టారు. నీళ్ళు తేటపడ్డాక అమ్మ దోసిలి పట్టి తాగింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. "తియ్యగా ఉన్నాయిరా తమ్ముడూ" అంది. మోకు పెద్దాయన కూడా తాగి, మూతి తుడుచుకుని, కాస్త ఆగి, "ఆయ్, బాగున్నాయండి" అన్నాడు. నేను ఇంట్లోకి వచ్చాక ఒక్కదాన్నీ గ్లాసుతో తాగాను. ఉప్పు. మరీ కటిక ఉప్పు కాదు కాని ఉప్పే.

ఆ మధ్యాహ్నం మావయ్యకి మా ఇంట్లోనే భోజనం. వీధి వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. అమ్మ కొత్త నీళ్ళతోనే కందిపప్పు వండింది. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు, మా వైపు పసిపిల్లకైనా తెలుసు. విస్తట్లో పప్పు పలుకులు పలుకులుగా పడింది. మావయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. అక్క వంక చూడలేదు, అక్క ఆయన వంక చూడలేదు. "ఇంకొంచెం పప్పు వెయ్యక్కా" అన్నాడు. ఆవిడ వేసింది. ఆయన అదీ తిన్నాడు.

వారం తిరక్కుండా పైపులూ గెడలూ మోకు పెద్దాయనకి ఇచ్చేసి మెషీను బోరు మీదికి వెళ్ళిపోయాడు. వయసైపోయింది, అంత కష్టం చెయ్యలేకపోతున్నానని అందరికీ చెప్పాడు. మా బోరే ఆయన ఆఖరి చేతిబోరు, దాని ఉప్పు సంగతి ఎవరూ పైకి అనలేదు కాబట్టి మేస్త్రి పేరు మాత్రం చెడలేదు. మెషీను మీద పదేళ్ళకి పైగా పనిచేశాడు, ముల్లు చూడడంలో దిట్ట అనిపించుకున్నాడు. ఆట మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. పంచాయతీ కుళాయి వచ్చేదాకా, మూడేళ్ళు, తమ్ముడు పనికి వెళ్ళాక అమ్మ మెరకవీధి నుంచి తాగే నీళ్ళు తెచ్చుకునేది. దారిలో ఎవరైనా అడిగితే దేవుడి గదికి అనేది.

అమ్మకి ఎంత తెలుసో నాకు తెలియదు. చేతి సంగతి ఆవిడ ముందే కనిపెట్టి ఉంటుందని ఒక్కోసారి అనిపిస్తుంది. మావయ్య ఇప్పుడు లేడు. నాకు ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇసుక ఎప్పుడు గుచ్చుకుంది, నువ్వు ఎప్పుడు తలెత్తావు అని ఆయన ఒక్కసారైనా అడిగి ఉంటే తిట్లు తిని తేలిగ్గా ఉండేదాన్నేమో. ఆయన అడగలేదు. గుచ్చుకున్నాక నేను చెప్పకుండా ఆగింది గడియారం ప్రకారం ఐదు నిమిషాలు కూడా ఉండదు. మా దొడ్లో ఆ కాస్త సేపట్లో పైపు దిగింది నాలుగడుగులు.