సీలు విప్పని కథ

గురుగ్రామ్‌లో పద్దెనిమిదో అంతస్తులో కాపురముండే నథానియేలు పుస్తకాలు చదివే మనిషి కాదు. పుస్తకాలు ఉన్న మనిషి. పేరుమోసిన పిల్లల కథలను రచయితలు స్వహస్తంతో రాసుకున్న ప్రతులకు, సిరా మరకలూ కొట్టివేతలతో సహా ముద్రించిన నకళ్లు అతని అద్దాల బీరువా నిండా ఉన్నాయి. ఎవరి చెయ్యో ఒకసారి తడబడితే, ఆ తడబాటును యంత్రం వేలసార్లు పొల్లుపోకుండా అచ్చువేస్తే, దానికి తెల్లని తొడుగుల చేతులతో మొక్కడం అతని భక్తి. ప్రతి నకలుతోనూ ఆ రాతను మామూలు అచ్చులో చదువుకోవడానికి ఒక చిన్న పుస్తకం వస్తుంది. దాని ప్లాస్టిక్ కవరును అతను ఏనాడూ చింపలేదు. చింపితే విలువ పోతుందట.

ఆ ఏడు తెలుగు సంఘంలో సండేస్కూలు సూపరింటెండెంటు పదవి ఖాళీ అయింది. నథానియేలు దానికోసం అర్రులు చాచాడు.

"బాలల ఆదివారం నాడు ఓ కథ చెప్పండి బ్రదర్. పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టినవారికే పదవి," అన్నారు పాస్టరుగారు.

అతను తొడుగులు వేసుకుని కుందేలు కథ నకలును పెట్టెలోంచి తీసి బల్లమీద పరిచాడు. కాగితం గొప్పా, కుట్టు గొప్పా చెప్పాడు. మొదటి పేజీని ఎలాగో తెలుగు చేసి ఈదాడు. కుందేలు వరదలో చిక్కింది. పేజీ తిప్పితే ఇంగ్లీషు గొలుసుకట్టు రాత చీమలబారులా ఉంది. ఒక్క ముక్క బోధపడలేదు.

"ఫిర్ క్యా హువా, అంకుల్?" అని తర్వాతేమైందో అడిగింది ముందు వరుసలోని పిల్ల.

"ఈ మరక చూశారా? అసలు ప్రతిలోనూ సరిగ్గా ఇక్కడే ఉంది."

"అరే అంకుల్, ఖర్‌గోష్ బచా కి నహీ?" కుందేలు బతికిందో లేదో తేలాలి ఆ పిల్లకు.

డ్యూటీ దిగి ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిన అతని భార్య పెర్సిస్ గొంతు తగ్గించింది. "చిన్న పుస్తకం పెట్టెలోనే ఉందిగదండీ. చింపండి ఆ కవరు."

"చింపడమా? మతుండే మాట్లాడుతున్నావా?"

"అయితే పదవి ఒదులుకోండి."

అతని వేలు కవరు అంచుదాకా వెళ్లింది. మనిషి దేన్ని కొలుస్తాడో తెలియాలంటే, దేన్ని చింపలేడో చూస్తే చాలు. వేలు వెనక్కి వచ్చింది.

"మిగతాది వచ్చే ఆదివారం," అన్నాడు. పిల్లలు గోల పెట్టారు. పెర్సిస్ లేచి కథ అందుకుని, కుందేలును వరదకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ బకెట్లోకి ఎక్కించి, యమున మలుపులన్నీ తిప్పి ఒడ్డుకు చేర్చింది. అంతసేపూ ఒక్కరూ కదల్లేదు. పాస్టరుగారు మాట తప్పలేదు. పదవి ఆమెకే ఇచ్చారు.

కారులో నథానియేలు అన్నాడు, "మూలంలో బకెట్ లేదు."

"మరేముందండీ?"

ఇల్లు చేరగానే అతను చిన్న పుస్తకం కవరును వెలుతురులో పెట్టి పరీక్షించాడు. గోటి గీతైనా పడలేదు. ఆ పూట అన్నం తృప్తిగా తిన్నాడు.