తలుపుకు లోపలి మూత

1943లో, యుద్ధం జోరుగా సాగుతున్నప్పుడు, నన్ను పంజగుట్ట దారిలోని ఒక మోటారు వర్క్‌షాపులో బాడీ సెక్షన్‌కు ఫిట్టర్‌గా వేశారు. ఇంజను పనివాళ్లు మమ్మల్ని రేకుల డాక్టర్లని ఆటపట్టించేవారు. నాకు ఒళ్లు మండేది కానీ పని మానేవాణ్ణి కాదు.

ఆ ఎండాకాలం అమీర్‌పేటలోని ఒక పెద్దింటి కారుకు వెనక తలుపు తాళంలో చెవి విరిగి ఇరుక్కుపోయింది. చెవి తిరిగే ఇత్తడి గొట్టాన్ని మేము బ్యారెల్ అంటాం. దాన్ని ఊడదీయడానికి తలుపు లోపలి తోలు కూడా కోయాల్సి వచ్చింది. కొత్త బ్యారెల్ ఇంగ్లండు నుంచి రావాలి, యుద్ధంలో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తలుపుకు రూపాయి బిళ్లంత రంధ్రం మిగిలింది. గొళ్లెం బాగానే పడుతోంది కాబట్టి బండి అలాగే తిరిగింది.

ఆ ఇంటి ఆడవాళ్లు బయటివాళ్ల కంట పడకూడదని ఆ కారు కిటికీలకు పరదాలుండేవి. ఆ ఇంటి మనవరాలు అందులోనే బడికి వెళ్లేది. ఒకరోజు ఆ అమ్మాయి నానమ్మ, పెద్ద బేగం కూడా ఎక్కితే, సీటు మీద గుండ్రంగా ఎండ పడింది. ఎక్కణ్ణుంచి పడిందా అని చూసి మండిపడ్డారట. మర్నాడు డ్రైవర్ యూసుఫ్ పరుగున వచ్చాడు.

"పెద్ద బేగం సాబ్ మస్తు గుస్సల ఉన్నరు భాయ్. బొక్క మూసేదాక బిడ్డను బండెక్కనియ్యరట. వచ్చే వారమే మెట్రిక్ పరీక్ష!"

మా సూపరింటెండెంట్ బెజవాడ వైపు మనిషి. బయట రేకు పెట్టి, రివెట్లు కొట్టి, రంగు పూసి రమ్మన్నారు. కొలతల కోసం ఆ ఇంటికి వెళ్లాను. కారు పక్కన కూర్చుని కొలుస్తుంటే వెదురు తెర వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"అన్నా, మూసుడు మూయుండ్రి గని, లోపటికెల్లి నేను తీసుకునేటట్టు చెయ్యుండ్రి. ఇన్నేండ్లసంది బడికి పోతున్న, గా తొవ్వ ఎట్లుంటదో గీ బొక్క పడ్డంకనే చూసిన."

నాకు చెప్పలేనంత బాధ కలిగింది. అయితే బాధతో బాడీ పని జరగదు, కారణం కావాలి. తిరిగివచ్చి సూపరింటెండెంట్ గారితో, రేపు బ్యారెల్ వస్తే రివెట్లు తొలిచేటప్పుడు తలుపు రేకు చెడుతుందని, లోపల తిరిగే మూత పెడితే ఆ బెడద ఉండదని చెప్పాను. అమ్మాయి అడిగిన మాట కూడా దాచలేదు.

"ఏంటయ్యా నీ పట్టుదల? బేగం గారు తిరగ్గొడితే ఆ మాట నువ్వే పడాలి," అన్నారాయన. పడతానన్నాను.

ఇత్తడి రేకుతో మూత కోసి ఒక్క మేకు మీద తిరిగేలా బిగించాను. పంజగుట్ట రాళ్ల దారిలో నడిపి చూస్తే ప్రతి కుదుపుకూ అది తెరుచుకుంది. పాత గడియారం స్ప్రింగ్ ముక్కను వెనక అదిమిపెట్టి మళ్లీ నడిపించాను. ఈసారి బొటనవేలితో తోస్తే తప్ప కదల్లేదు.

పెద్ద బేగం తానే పరీక్షిస్తానన్నారు. మూత లోపలివాళ్ల చేతిలో ఉంటుందని యూసుఫ్ చేత ముందే చెప్పించాను. ఆవిడ బండెక్కే వేళకు మర్యాద ప్రకారం నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. లోపల స్ప్రింగ్ టిక్కుమంది. మళ్లీ టిక్కుమనాలి కదా, మూయాలి కదా అని చెవులు రిక్కించాను. అనలేదు.

"యూసుఫ్, జర చౌరస్తా దాక పోనియ్యి," అన్నారావిడ.

చౌరస్తా పక్కనే. బండి మాత్రం ఎంతకీ రాలేదు. అమ్మాయి పరీక్ష నా మొండితనం వల్ల పోతుందేమోనని రోడ్డు మీదికి వెళ్లి చూశాను. చివరికి బండి వచ్చి ఆగింది. పరదా వెనక నుంచి పెద్ద బేగం పిలిచారు.

"మిస్త్రీ, రేపటిసంది బిడ్డ గిండ్లనే పోతది. అటు దిక్కు తలుపుకు సుత గిసొంటిదే ఒకటి పెట్టు."

అటు తలుపుకు అసలు తాళమే లేదు, రంధ్రమూ లేదు. ఏ లోపమూ లేని తలుపుకు బెజ్జం వేయాలని చెబితే సూపరింటెండెంట్ గారు కళ్లజోడు తీసి నావైపు చూశారు. వేశాను.

బ్యారెల్ యుద్ధం ముగిశాక వచ్చింది. ఆ ఇంటివాళ్లు దాన్ని బిగించనివ్వలేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ బండికి ఏ మూత పెట్టాల్సి వచ్చినా, లోపల కూర్చునేవాళ్లను అడిగాకే పని మొదలుపెట్టాను.