మొదటి మూడు నీళ్ళు

చాపెల్‌లో అందరూ ఆవిణ్ణి ఇస్త్రీ అక్క అనేవాళ్ళు. ఎనభై దాటిన ముసలాయన కూడా అక్కా అనే పిలిచేవాడు, ఆవిడా పలికేది. పెద్దాసుపత్రి ఉతుకుల గదిలో ఇరవై ఎనిమిదేళ్ళు పని చేసిన మనిషి. ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గౌన్లు, పురుడు గది దుప్పట్లు, కాలినవాళ్ళ కట్లు, అన్నీ ఆవిడ చేతుల మీదుగా వెళ్ళినవే. మరక మొహం చూసి అది మందో, నెత్తురో, కూరో చెప్పేది. చదువు రెండో తరగతి దగ్గర ఆగిపోయింది. కొత్తగా చేరిన నర్సులు నెత్తురు గుడ్డల మీద వేడినీళ్ళు పోస్తుంటే, "పోయండి తల్లీ, పోయండి. ఆ మరక మీ పెళ్ళినాటికి కూడా అలాగే ఉంటుంది" అనేది. రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో రెండు కంబళ్ళు పరిచిన బల్ల వేసుకుని ఇస్త్రీ పని పెట్టుకుంది. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. ఎవరేం చెప్పినా తలూపే రకం. ఆ తలూపుడుతోనే ముప్పై ఐదేళ్ళు కాపురం చేశానని ఆవిడే అంటుండేది.

ఆ చాపెల్ పుట్టిందే ఒక అలక మీద. పెద్దగుడిలో లాటిన్ మానేసి, ఫాదర్‌గారు జనం వైపు తిరిగి, గిటార్లతో పూజ మొదలుపెట్టాక, మాకు మా తాతల నాటి పూజే కావాలని నలభై కుటుంబాలు బయటికొచ్చేశాయి. బాత్‌రూమ్ టైల్స్ అమ్మే దుకాణం పైన ఒక హాలు దొరికింది. దాన్ని వెతికి పట్టినవాడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. ఎదురుగా పెద్దాయన అనేవాళ్ళు, వెనకాల తూకం అనేవాళ్ళు. న్యాయంగా చెప్పాలంటే ఆయన తక్కువవాడు కాదు. బెంచీలు తన భుజాన మోసి మెట్లెక్కించాడు. పూజ చెప్పే ఫాదర్‌గారు దొరకని రెండేళ్ళూ ఒక్క ఆదివారం మానకుండా జపమాల చెప్పించాడు. మనిషిని తిట్టబోతే అవన్నీ గుర్తొచ్చి నోరు కట్టేసేవి. ఇస్త్రీ అక్కకు ఆయన మీద విసుగంతా అక్కడే: పూర్తిగా చెడ్డవాడైనా బాగుండేది, ఒక్కసారి తిట్టుకుని ఊరుకునేది.

రెండేళ్ళ తర్వాత పక్క ఊరి నుంచి ఒక ముసలి ఫాదర్‌గారు రావడం మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి బస్సులో వచ్చి లాటిన్ పూజ చెప్పి వెళ్ళేవారు. అప్పటి నుంచీ పూజగుడ్డల పని ఇస్త్రీ అక్కదే, తొమ్మిదేళ్ళుగా. పాత్ర కింద పరిచే నార గుడ్డలు మూడు, పాత్ర తుడిచే సన్నపు గుడ్డలు పన్నెండు. పరిచేదాన్ని తొమ్మిది గళ్ళు వచ్చేలా మడవాలి, తుడిచేదాన్ని నిలువుగా మూడు మడతలు వెయ్యాలి. ఆ పనికి ఒక కట్టుబాటుంది. ఆ గుడ్డలకు సత్ప్రసాదం రేణువులు, అంటే క్రీస్తు శరీరంగా నమ్మే అప్పం పొడి, అంటుకుని ఉండొచ్చు, ఆయన రక్తంగా నమ్మే ద్రాక్షారసం పాత్రలోంచి ఒక చుక్క ఇంకి ఉండొచ్చు. అందుకని గురువే, అంటే ఎవరో ఒక ఫాదర్‌గారే, ముందు వాటిని మూడు నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళు కాలవలో కాకుండా మట్టిలో పొయ్యాలి. ఆ తర్వాతే ఉతికేవాళ్ళు ముట్టుకోవాలి. పాత పద్ధతి పాటించేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఇస్త్రీ అక్కకు అసలే కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు మనుషుల నెత్తురు ఉతికిన చేతులకు, చివరికి ఈ పని దొరికిందన్నది ఆవిడ మనసులో మాట. ఎవరికీ చెప్పేది కాదు. చెబితే అదే చాపెల్‌కు వచ్చే తోడికోడలు కూడా ఆ పని అడుగుతుందని.

గొడవ ఒక కుర్చీతో మొదలైంది. పెద్దాయన తన కుర్చీని బలిపీఠం ముందున్న కటకటాల లోపలికి, ఫాదర్‌గారి చోటుకి, జరిపించుకున్నాడు. ఫాదర్‌గారు తీయించమన్నారు. తీయించలేదు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో పెద్దాయన లేచి, "పుస్తకంలో అలా లేదండీ" అన్నాడు.  ఫాదర్‌గారు ప్రసంగం ఆపేసి, పూజ మాత్రం ముగించి, పూజ వస్త్రాలు విప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. గుడ్డలు జాడించలేదు. పన్నెండూ, మూడూ సంచిలో అలాగే ఉండిపోయాయి. వాటిలో అంతకుముందు రెండుసార్లవి కూడా ఉన్నాయి, బస్సు వేళయిందని ఆయన జాడించకుండా వదిలేసినవి.

ఆ వారంలోనే పెద్దాయన ఒక కాగితం తిప్పాడు. ఫాదర్‌గారు లేని రోజుల్లో చాపెల్ విషయాల్లో పెద్దాయన చెప్పిందే మాట, దానికి మేం విధేయులమై ఉంటాం అని దాని సారాంశం. కింద వరసగా సంతకాలు. మొగుడు చదివి వినిపిస్తుంటే మొదటి వరసలోనే ఆ మొగుడి సంతకమే కనిపించింది.

"నువ్వెప్పుడు పెట్టావు?"

"పొద్దున డిపో దగ్గరికొచ్చారు. పెన్ను చేతికిచ్చారు. పెట్టా."

"కత్తి చేతికిస్తే?"

మొగుడు తలూపబోయి మధ్యలో ఆపాడు.

శనివారం ఆవిడ చాపెల్ శుభ్రం చెయ్యడానికి వెళ్ళేసరికి వస్త్రాల గదిలో పెద్దాయన కొత్త స్టీలు గంగాళం ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఆవిరి కక్కుతున్న వేడినీళ్ళు, బ్లీచింగ్ పొడి డబ్బా. రేపు కాకుండా వచ్చే ఆదివారం వేరే ఊరి నుంచి ఇంకో ఫాదర్‌గారిని పిలిపించానని, గుడ్డలు సిద్ధం కావాలని చెప్పాడు.

"జాడించినవాళ్ళు ఎవరండీ?" అందావిడ.

"నేనే జాడిస్తాను చెల్లెమ్మా. గురువు లేనప్పుడు బాధ్యత చాపెల్ పెద్దగా నాదే."

"బాధ్యత మీదే. చేతులు మాత్రం గురువువి కావు కదా."

"చేతులకేమైంది? సబ్బుతో కడుక్కున్నా."

"అన్నయ్యగారూ, మనం పెద్దగుడి వదిలి వచ్చింది ఎందుకు? అక్కడ ఎవరు పడితే వాళ్ళు బలిపీఠం దగ్గరికి వెళ్తున్నారనే కదా. మీరే కదా మా ఇంట్లో కూర్చుని గంటసేపు చెప్పారు. నేను ఇస్త్రీ ఆపేసి మరీ విన్నాను."

ఆయన మొహం ఎర్రబడింది. "నాదీ వాళ్ళదీ ఒకటేనా?"

"ఎవరు పోసినా వేడినీళ్ళు ఒకటే. నార గుడ్డ మీద ద్రాక్షారసం మరకకు వేడినీళ్ళా? దానిమీద బ్లీచింగా? ఆ గుడ్డలు మీకేం అపకారం చేశాయండీ?" అంటూ ఆవిడ సంచి అందుకుంది.

"ఆ సంచి చాపెల్ ఆస్తి."

"ఆస్తి చాపెల్‌దే. అందులో మురికి నాది. తొమ్మిదేళ్ళుగా నాదే."

"సంచి తీసుకెళ్ళేముందు ఆ కాగితం మీద సంతకం పెట్టు. అందరూ పెట్టారు. మీ ఆయన కూడా పెట్టాడు."

"మా ఆయన పెట్టాడు కదా, ఇంటికి ఒకటి చాలు" అని మెట్లు దిగిపోయింది. వెనక నుంచి ఆయన, విధేయత లేనివాళ్ళకు ఇక్కడ పని ఉండదని చెప్పడం వినిపించింది. ఆ మాట కింద టైల్స్ దుకాణం దాకా ఆవిడతో వచ్చింది. ఆ పని పోతే తనకేం మిగులుతుందో ఆవిడకు బాగా తెలుసు: చొక్కాలు, ప్యాంట్లు.

సోమవారం పొద్దున బస్సెక్కి ఫాదర్‌గారి ఊరు వెళ్ళింది. ఆయన ఒక క్లినిక్ వెనకున్న ఒంటిగదిలో ఉండేవారు. మంచం, బల్ల, గోడకు శిలువ, తాడు మీద ఆరేసిన రెండు బనీన్లు. ఆ బనీన్లు సరిగ్గా పిండలేదని గుమ్మంలోంచే చూసింది. కానీ ముందు వచ్చిన పని చెప్పింది.

"ఆ గుడ్డలు ఆయన్నే ఉతుక్కోమను" అన్నారు ఫాదర్‌గారు.

"ఉతుకుతాననే అంటున్నాడండీ. నా బాధంతా అదే."

"అమ్మా, ఆ కుర్చీ తీస్తేగానీ నేను అక్కడ అడుగు పెట్టను. అక్కడికి ఏదీ చెయ్యను. నువ్వు కూడా చెయ్యకు. గుడ్డలు లేకపోతే పూజ ఉండదు, అప్పుడు దిగొస్తాడు. నువ్వు ఎవరి వైపో తేల్చుకో."

ఆవిడకు విసుగొచ్చింది. అక్కడ ఆయన కాగితం మీద పెట్టమన్నదే ఇక్కడ ఈయన నోటితో చెప్పమంటున్నారు. తేడా పెన్ను ఒక్కటే.

"ఫాదర్‌గారూ, నేను ఎవరి వైపో తేల్చుకునేలోపు మరకలు ఎండిపోతున్నాయి. మీ ఇద్దరికీ కుర్చీ కనిపిస్తోంది గానీ, ఇందులో ఏముందో కనిపించడంలేదు. మీరే కదా పూజలో అప్పాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అది ఎవరో చెప్పేది. ఆ ప్రభువునే సంచిలో కుక్కి, దండేనికి తగిలించి, మీరు ఇక్కడ అలిగి కూర్చున్నారు."

ఫాదర్‌గారు మొహం తిప్పుకుని మంచం మీద కూర్చున్నారు. ఆవిడ కూడా కదల్లేదు. గుమ్మం పక్కన నేల మీద కూర్చుని, కొంగు సర్దుకుని, సాయంత్రం బస్సు దాకా ఇక్కడే ఉంటానన్నట్టు కాళ్ళు చాపింది. కాసేపటికి ఆయన లేచి బొక్కెన తెచ్చుకున్నారు. చొక్కా చేతులు పైకి మడిచారు. ముంజేతులు సన్నగా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. మొదటి గుడ్డ ముంచి తీశారు.

"పిండండి."

"పిండుతున్నానమ్మా."

"అది పిండడం కాదండీ, బుజ్జగించడం."

ముసలాయన నవ్వబోయి ఆపుకున్నారు.  ఆవిడ అందుకోవడానికి లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ పనితనం అరచేతుల్లో దురద పెడుతున్నా, రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని కూర్చుని, పదిహేను గుడ్డలూ మూడేసి నీళ్ళలో ఆయన ఎలా పాడు చేస్తుంటే అలా చూసింది. జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. ఆ నీళ్ళు మూడుసార్లూ ఆయనే మోసుకెళ్ళి క్లినిక్ ప్రహరీ పక్క మట్టిలో పోశారు. తిరిగొచ్చి, "మరి వచ్చేసారి?" అన్నారు.

"వచ్చేసారి మీరే రావాలి. కుర్చీ సంగతి ఆయనతో మీరే మాట్లాడుకోవాలి. పూజలో దేవుడితో మాట్లాడేవాళ్ళు, తూకంతో మాట్లాడలేరా?"

ఆయన చొక్కా చేతులు దించుకున్నారు. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

బుధవారానికి గుడ్డలు తెల్లగా అయ్యాయి. ఒక్కదాని మీద మాత్రం గోరంత మరక మిగిలింది. గురువారం పల్చటి గంజి పెట్టి, తడి ఉండగానే ఇస్త్రీ చేసి, మడతలు వేసి, శనివారం చాపెల్‌లో ఇచ్చింది. పెద్దాయన లెక్క చూసుకున్నాడు. పదిహేనూ ఉన్నాయి. ఫాదర్‌గారి ఊరెళ్ళి ఆయన చేతే జాడింపించానని ఆవిడ చెప్పింది. అయినా మొహం విప్పలేదు.

"ఎవరిని అడిగి ఆ ఊరు తీసుకెళ్ళావు?"

"ఎవరినీ అడగలేదు."

"అదే నేను చెప్పేది. సంతకం పెట్టలేదు, అడగలేదు. రేపటి నుంచి ఈ పని మీ తోడికోడలు చూసుకుంటుంది. ఆవిడ పెట్టింది."

 ఆవిడ పూజగుడ్డల అలమార తాళంచెవి బల్ల మీద పెట్టింది. పెద్దాయన దాన్ని వెంటనే తీసుకోలేకపోయాడు. "నీ పని బాగాలేదని కాదు చెల్లెమ్మా" అన్నాడు.

"తెలుసండీ. బాగుంది కాబట్టే సంతకం అడిగారు."

ఇంటికొచ్చి ఆ రోజంతా చొక్కాలు ఇస్త్రీ చేసింది. మొగుడు భోజనానికి కూర్చుని, తన సంతకం కొట్టేయమని అడిగి వస్తానన్నాడు. "వద్దులే. పెట్టడానికి ఆలోచించనివాడివి, కొట్టేయడానికి కూడా ఆలోచించకుండా వెళ్తానంటున్నావు" అంది. కానీ ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

మర్నాడు కొత్త ఫాదర్‌గారొచ్చి చకచకా పూజ ముగించి, వచ్చిన కారులోనే వెళ్ళిపోయారు. ఆయనా జాడించలేదు. సోమవారం మధ్యాహ్నం తోడికోడలు సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ కొత్త చీర చూపించడానికి తప్ప ఆ గుమ్మం తొక్కని మనిషి.

"పెద్దాయన జాడిస్తానన్నారు అక్కా. గంగాళంలో నీళ్ళు కూడా పోసుకున్నారు."

"మరి ఇవ్వలేకపోయావా? ఆయనకు విధేయురాలివి కదా."

"ఇద్దామనే వెళ్ళా. చెయ్యి రాలేదు." తోడికోడలు గుమ్మం వైపు చూస్తూ అంది. "తొమ్మిదేళ్ళు నిన్ను చూశాను కదా. నువ్వు ఆ సంచిని ఎప్పుడూ నేల మీద పెట్టలేదు."

ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. తోడికోడలు ఏడుస్తుందేమోనని భయపడింది. ఏడిస్తే ఓదార్చాలి, అది ఆవిడకు చేతకాదు.

"నాకు చెబుతావేం? పని నీది."

"నాకు ఆ ఊరు తెలీదు అక్కా."

"రెండుంబావుకు బస్సు. ఆ ఊరి బస్టాండులో దిగాలి. క్లినిక్ వెనక. ముందు ఒప్పుకోరు. గుమ్మం దగ్గర కూర్చోవాలి, కదలకూడదు. పిండుతుంటే అడ్డం వెళ్ళకూడదు, అదే కష్టం."

"నువ్వు కూడా రావచ్చు కదా."

"నేనెందుకు? నాకు తాళంచెవి కూడా లేదు" అంటూనే ఆవిడ చెప్పులు వెతుక్కుంది. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. బస్సులో సీటు దొరికాక తోడికోడలు సంచిని ఆవిడ ఒళ్ళోకి జరపబోయింది.

"నీ దగ్గరే ఉంచుకో. అలా కాదు, నిటారుగా పట్టుకో. పిల్లని పట్టుకున్నట్టు పట్టుకోలేవా? కిటికీ వైపు వద్దు, దుమ్ము. ఇప్పుడు విను, తొమ్మిది గళ్ళు ఎలా వస్తాయో చెబుతాను, మళ్ళీ మళ్ళీ అడక్కు."

తోడికోడలు మూడుసార్లు అడిగింది. ఆవిడ మూడుసార్లూ చెప్పింది, ఒక్కోసారికీ గొంతు పెంచుతూ.