వేపగాలి ఆరోగ్యమట

వేపగాలి ఆరోగ్యమని ఎవరైనా నా ముందు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నవాళ్లు పెద్దవాళ్లయితే నోరు మూసుకుంటాను. చిన్నవాళ్లయితే వదిలిపెట్టను. ఆ ఆరోగ్యమేమిటో మూడు పూతకాలాల పాటు కళ్లారా, ముక్కారా అనుభవించినదాన్ని నేను.

మాది కోనసీమ. ఇంటి ముందు కాలవ, వెనక కొబ్బరితోట. వేపచెట్లు మా ఊరికి ఒకటో రెండో ఉండేవి, అవీ మా పేటకు దూరం. మా నాన్న చర్చి బడిలో పంతులు. నన్ను రాజమండ్రిలో పంతులమ్మ ట్రైనింగు చదివించి, ప్యాసయ్యాక పెళ్లి చేశారు. సంబంధం కడప జిల్లాది. మా ఊరివాళ్లకు కడపంటే సముద్రం దాటి వెళ్లే చోటు కిందే లెక్క. రైళ్లు మారి, మోటారు బస్సెక్కి, వేంపల్లెలో దిగి, అక్కణ్ణుంచి ఎద్దుల బండిలో ఒక పూటంతా పోతే మా అత్తవారి ఊరు. దారి పొడుగునా నల్లరాళ్లు, కోసేసిన జొన్నచేలు, ఎండ. దేశం కాని దేశంలో వచ్చిపడ్డానని ఆ బండిలోనే అనుకున్నాను. అందరమూ మాట్లాడేది తెలుగే. అయినా నేను 'ఎక్కడండీ' అంటే అక్కడి ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. వాళ్లు 'యాడికి పోతాండావు మా' అంటే నేను వెర్రిమొహం వేసేదాన్ని.

మామగారు ఆ ఊరి క్రైస్తవుల గుడికి ఉపదేశి, ఆదివారం వాక్యం చెప్పేది ఆయనే. మా ఆయన మగపిల్లల బడిలో పంతులు. ఆడపిల్లలకు కూడా బడి పెట్టాలని మిషనువాళ్లు అనుకుంటున్నారు. అది పెట్టిన రోజున పంతులమ్మవు నువ్వేనని పెళ్లి మాటల్లోనే మామగారు మా నాన్న ఎదుట నాకు మాటిచ్చారు. ఆ మాట పట్టుకునే నేను ఒప్పుకున్నాను. మొగుడి మొహం చూసి కాదు, అప్పటికింకా చూడలేదు గనక.

సంగటికి అలవాటు పడ్డాను. ఉప్పునీళ్లకూ అలవాటు పడ్డాను. ఈస్టరుకు ముందు శ్రమకాలం మొదలయ్యేసరికి వేపచెట్లు పూశాయి. మా పెరట్లో, పక్కింటి పెరట్లో, వీధి మొగదల, బడి ముందు, ఎటు చూస్తే అటే. ఆ ఎండల్లో ఆ ఊళ్లో పచ్చగా కనిపించేది అదొక్కటే. పూత నూకల్లా వాకిలంతా రాలేది. నాకు మాత్రం తెల్లారకముందే తుమ్ములు అందుకునేవి. ముక్కు ఒకటే కారడం. కళ్లు నలిపితే రెప్పలు ఉబ్బిపోయేవి, నలపకపోతే దురదతో పిచ్చెక్కేది. అంగిలి దురదపెడితే నాలుకతో గోక్కునేదాన్ని. మధ్యాహ్నానికి గొంతు పూడుకుపోయి మాట బయటికి వచ్చేది కాదు.

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. చెడ్డమనిషైతే ఎదురు తిరగడం తేలిక. ఆవిడ నా మీద ప్రేమతోనే నా నులకమంచం ఎత్తుకెళ్లి సరిగ్గా వేపచెట్టు కింద వేసింది.

"ఈడ పండుకో మా," అంది. "యాపగాలికి పోని జబ్బు ల్యాదు."

పండుకున్నాను. పొద్దున్నే లేచేసరికి దుప్పటి మీద పూత, జుట్టులో పూత, కళ్లు తెరవడానికి రాలేదు. ఆవిడ చూసి జబ్బు ముదిరిందంది, కాబట్టి వేప ఇంకా కావాలంది. వేపాకు పొగ పెట్టింది. వేపనీళ్లు పోసింది. వేపపువ్వు చారు కాచి ముక్కు మూసి తాగించింది. పూత రాలడం తగ్గి, చెట్టు పిందె వేశాక నాకు దానంతటదే తగ్గింది. చూసినావా, యాప ఎట్ల పనిచేసిందో అని ఆవిడ వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఇక తుమ్ముల సంగతి. మామగారు ఆదివారం గుళ్లో శకునాలు చూసేవాళ్లను ఏకి పారేసేవారు. పిల్లి ఎదురైతే ఆగేవాళ్లు దేవుణ్ణి నమ్మనివాళ్లేనని గొంతు చించుకుని చెప్పేవారు. సోమవారం పొద్దున పక్క పల్లెల్లో ప్రార్థనలకని చేతికర్ర పట్టుకుని గడప దాటబోతుంటే నేను లోపల తుమ్మేదాన్ని. ఆయన ఆగిపోయేవారు. ఎండ శానా ఉండాది, దప్పిక అయితాంది అంటూ వెనక్కొచ్చి అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి, కాసేపాగి బయలుదేరేవారు. నేను తుమ్మినప్పుడల్లా ఆయనకు దప్పికే. అత్తగారు ముక్కుపొడి పీల్చి ఇల్లదిరేలా తుమ్మితే మాత్రం ఎవరికీ దప్పిక వేసేది కాదు. పొడితో వచ్చిన తుమ్ము లెక్కలోకి రాదట. జబ్బుతో వచ్చినదీ రాదట. మరి నాది జబ్బే కదా అంటే, జ్వరమేదీ అన్నారు. చివరికి పొద్దున మగవాళ్లు బయటికి పోయేదాకా నన్ను పెరట్లో ఉండమన్నారు. పెరట్లో ఎక్కడ? ఆ చెట్టు కిందే.

రెండో ఏడు అదే కాలంలో రాయచోటిలో ఉన్న మా ఆడపడుచు కానుపుకని నన్ను పంపారు. ఆమెది ఇరుకు వీధి, మిద్దెకు మిద్దె ఆనుకుని ఉంటుంది, చూద్దామన్నా చెట్టు లేదు. వెళ్లిన కొద్దిరోజుల్లోనే నా ముక్కు ముక్కులా, కళ్లు కళ్లలా అయ్యాయి. పొయ్యి ముందు కూర్చుని పొగలో వంట చేశాను, బాలింత గుడ్డలుతికాను, ఒక్క తుమ్ము లేదు. తిరిగొస్తుంటే బండి మా వీధి మొగదలకు రాగానే మొదటి తుమ్ము. అప్పుడు తెలిసింది నాకు. నీళ్లూ కాదు, ఎండా కాదు, తిండీ కాదు. ఈ పూత.

ఆ రోజే మా ఆయనకు చెప్పాను. చదువుకున్నవాడు, అర్థం చేసుకుంటాడనుకున్నాను. ఆయన పకపకా నవ్వి, చెట్టు నీ మింద పగబట్టినాదా అన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? మర్నాడు బడిలో తోటి పంతుళ్లకు చెప్పి వాళ్లనూ నవ్వించాడు. ఇంటి మీదికి వంగిన కొమ్మ ఒక్కటి కొట్టించమని మామగారిని అడిగితే, మనిషి చెయ్యి నరకమన్నట్టు నా వంక చూశారు. అత్తగారు అందరికంటే ఎక్కువ నొచ్చుకుంది.

"యాపమాను మనిషికి చెడుపు చేస్తాదా మే? మంచి చేసే మానును ఆడిపోసుకుంటాండావే."

ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. మెల్లగా చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, అరుస్తూ కూడా చెప్పాను. పోనీ ఒక్క వారం నా మంచం మార్చి చూడండి అన్నాను. తప్పని తేలితే జన్మలో మళ్లీ ఎత్తనన్నాను. అది కూడా చెయ్యలేదు. మా ఊరి కాలవ పక్కన పుట్టినదానికి వేపచెట్టు సంగతి ఏం తెలుస్తుందని వాళ్ల ధీమా.

మూడో ఏడు ఆడపిల్లల బడి నిజంగానే మంజూరైంది. మిషను దొరసాని స్వయంగా వచ్చి నేను పాఠం చెబుతుంటే విని, నచ్చితే నన్ను వేస్తుంది, లేకపోతే కర్నూలు వైపునుంచి ఇంకో పంతులమ్మను పంపిస్తుంది. ఆవిడ వచ్చేది ఎప్పుడు? నడి పూతకాలంలో. పైగా అప్పటికే గుడి ఆడవాళ్లలో నాకు క్షయ అని గుసగుస పుట్టింది. ప్రార్థనలో నా పక్కన కూర్చునేవాళ్లు కాస్త ఎడంగా జరగడం, చంకలో బిడ్డను అటు తిప్పుకోవడం నేను గమనిస్తూనే ఉన్నాను. క్షయ ఉన్నదాన్ని పిల్లల ముందు ఎవరు నిలబెడతారు? ఆ బడి పోతే నాకు ఆ ఊళ్లో మిగిలేది పెరడూ, ఆ మంచమూ.

నా తంటాలు నేను పడ్డాను. పొద్దున్నే పెరడంతా నీళ్లు చల్లి, పూత ఎగరకుండా ఊడ్చేదాన్ని. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని పనిచేసేదాన్ని. గింజలు దాచే గదిలో తలుపేసుకుని, ఆ ఉక్కలోనే పండుకునేదాన్ని. అది కొంత నయమే. కానీ అత్తగారు తలుపు తీసి, గాలి తగలకుంటే ఎట్ల మా అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేది. గుడి ఊరి బయట బండమీద ఉంది. చుట్టూ చెట్టన్నది లేదు. దొరసాని వచ్చేదాకా ఆ నాలుగు రోజులు గుళ్లో పండుకుంటానన్నాను, తోడుగా అత్తగారినీ రమ్మన్నాను. ఉపదేశి కోడలు ఇల్లు విడిచి పండుకుంటే ఊరు ఏమనుకుంటాది అన్నారు మామగారు. క్షయ అనుకుంటున్న ఊరు ఇంకేమనుకుంటే ఏం?

దొరసాని వచ్చే రోజు పొద్దున చూద్దును కదా, గుళ్లో బెంచీలన్నీ మా పెరట్లోకి చేరాయి. చాపలు పరిచారు. పిల్లలను వరసగా కూర్చోబెట్టారు. దొరసానికి కుర్చీ వేశారు. చల్లగా ఉంటుందని, ఆరోగ్యంగా ఉంటుందని, ఏర్పాటంతా వేపచెట్టు కింద చేశారు. అందులో నా మీద కక్ష ఏమీ లేదు. ఎవరికీ నా మాట గుర్తుకైనా రాలేదు, అంతే. కక్షతో చేసి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు.

దొరసాని పెద్దావిడ, తెల్లటి టోపీ, ఎండకు కందిన మొహం. నేను లేచి నిలబడి పిల్లల చేత దండం పెట్టించి నోరు తెరిచాను. మాటకు బదులు తుమ్ము. దాని వెనక ఇంకోటి. పిల్లలు కిసుక్కున నవ్వారు. పూత పలకల మీద రాలుతోంది. కళ్లలో నీళ్లు ధారగా కారుతుంటే నాకు దొరసాని మొహం కూడా సరిగ్గా కనిపించలేదు. ఈమెకు ఏమి జబ్బు అని ఆవిడ అడిగింది. నేను బదులు చెప్పేలోపే మామగారు అందుకుని, కొంచెం బలహీనమనీ, రొమ్ములో నలత ఉందేమోననీ, యాపగాలిలోనే ఉంచుతున్నామనీ చెప్పారు. రొమ్ములో నలత అనగానే క్షయేననుకుని దొరసాని కుర్చీ వెనక్కి జరిపింది. నా బడి ఆ కుర్చీతో పాటు వెనక్కి పోవడం కళ్లారా చూశాను.

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది. పెద్దలు, దొరసాని, ఏదీ చూసుకోలేదు.

"రొమ్ములో ఏమీ లేదండీ," అన్నాను. "ఈ చెట్టు పూత నాకు పడదు. గుళ్లోకి రండి, అక్కడ చెబుతాను పాఠం."

ఎవరి బదులు కోసమూ ఆగలేదు. తొట్టి దగ్గర మొహం కడుక్కుని, కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎండలో నడిచాను. పిల్లలు తమాషా అనుకుని నా వెంట పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనక దొరసాని, ఆవిడ వెనక గొడుగు పట్టుకుని మా ఆయన. గుళ్లో తలుపులు వేయించి, కాసేపు కూర్చుని ఊపిరి తీసుకున్నాను. ముక్కు కారుతూనే ఉంది గానీ, గొంతు నాకు తిరిగొచ్చింది. నల్లబండల నేల మీద సుద్దముక్కతో వేంపల్లె పక్కనున్న ఏరు గీశాను. ఎప్పుడూ ఇసుకే కనబడే ఆ ఏట్లో వానాకాలం నీళ్లు ఎటు పోతాయో, పెన్నలో ఎక్కడ కలుస్తాయో, సముద్రం దాకా గీసుకుంటూ పోయాను. పిల్లలు గీత వెంబడి మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చారు. చివర సముద్రం గుమ్మం దగ్గర వచ్చింది. అక్కడ దొరసాని నిలబడి ఉంది.

పాఠమయ్యాక ఆవిడ నా కళ్ల రెప్పలు పైకెత్తి చూసింది. ఎప్పుడెప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అని అడిగింది. రాయచోటి సంగతి కూడా చెప్పాను. ఆవిడ మామగారి వైపు తిరిగి, తన పుస్తకాల తెలుగులో మెల్లగా చెప్పింది.

"ఇది క్షయ కాదు. మా దేశములో గడ్డి పూయు కాలమున నా తండ్రికి ఇట్లే వచ్చుచుండెను. పూల పుప్పొడి వలన కలుగు జబ్బు, ఒకరినుండి ఒకరికి అంటదు. ఈమెను ఆ చెట్లకు దూరముగా ఉంచుడి. బడి ఈ గుడిలోనే పెట్టుడి."

అంతే. మామగారు చేతులు కట్టుకుని తలూపారు. ఇంటికి రాగానే నా మంచం తన చేతులతో ఎత్తి లోపల గదిలో వేశారు. సాయంత్రానికి ఇంటి మీది కొమ్మ నేల మీద ఉంది. అత్తగారు వీధి వీధీ తిరిగి, మా కోడలిది దొరల జబ్బంట, ఆ దేశంలో పెద్దపెద్దోళ్లకు వస్తాదంట అని గొప్పగా చెప్పుకుంది. గుళ్లో ఎడంగా జరిగిన ఆడవాళ్లు వచ్చి నన్ను ఆ జబ్బు పేరేమిటని అడిగి పోయారు. ఒక్కరికీ సిగ్గు లేదు. నా కళ్లు చెప్పలేదా, ముక్కు చెప్పలేదా, నా నోరు చెప్పలేదా?

బడి నాదైంది. అందుకు నాకు సంతోషం లేదని అనను. ఆ గుళ్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, పూతకాలంలో తలుపులేసుకుని మరీ చెప్పాను. కానీ ఆ సాయంత్రం మాత్రం మర్చిపోలేను. మా ఆయన కొత్తగా వేసిన నా మంచం పక్కన కూర్చుని, ఎంతో దయగా నా తల నిమురుతూ అన్నాడు:

"పాపం, శానా అవస్థ పడితివి. ఈ సంగతి మనకు ముందే ఎవురన్నా చెప్పింటే బాగుండు."

ఆయన చెయ్యి తీసి పక్కన పెట్టాను. పెరట్లో వేపపండ్లు రాలేదాకా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు.