తుడవని ముక్కులు

మా పశువుల డాక్టరుగారు కడపలో పోయారని కర్నూలు ఆసుపత్రికి కార్డు వచ్చింది. నేను అక్కడ కాంపౌండరును. మలాం నూరుతూ నిలబడే చదివాను. చదివి, నూరడం ముగించాను. పని మధ్యలో వదిలేస్తే ఆయనకు గిట్టదు. ఆ తర్వాతే ఏడ్చాను.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే. జొన్నరొట్టె, ఊరిబిండి ఏ గుర్రపు కొట్టం గడపలోనో నిలబడి తినేవారు. ఒక గుర్రాన్ని ముట్టి మరోదాన్ని ముట్టేలోగా మందునీళ్లలో చేతులు కడగాల్సిందే. చేతులకు పట్టిన ఆ మందు మరకలు చూసి పెళ్లిళ్లలో ఆడవాళ్లు గోరింటాకా అని నవ్వేవారు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాలుగు దిక్కుల నుంచీ జట్కాలు వచ్చిపడ్డాయి. గుర్రాలతో జబ్బూ వచ్చింది. ముక్కులో చీము, గొంతు కింద గడ్డ. గుర్రప్పిల్లలు ఊపిరాడక చచ్చిపోయేవి.

"యాడ మొదలై ఎట్ల పోతాండాదో తెలీకుండా ఏం మందేస్తామప్పా?" అని, డాక్టరుగారు ఊళ్లో ప్రతి గుర్రాన్నీ చూసి పుస్తకంలో రాయడానికి పూనుకున్నారు.

ముందురోజే కొట్టాలకు కబురు పంపేవాణ్ని నేను. మేం వెళ్లేసరికి గుర్రాలన్నీ పెళ్లికొడుకుల్లా ఉండేవి. "బాగుంది, బాగుంది" అని పుస్తకం నింపేశాను. పది రోజులకల్లా మేం చూసొచ్చిన కొట్టాల్లోనే గుర్రప్పిల్లలు రొప్పడం మొదలైంది. "ఈ డాక్టరు కాలు పెట్టినకాడల్లా రోగమే" అన్నారు జట్కావాళ్లు. దాచడమెందుకు, నాకూ ఆ అనుమానం వచ్చింది.

ఒక ఉదయం చెప్పిన వేళకంటే ముందే వెళ్లాం. ముసలి జట్కా సాయిబు ఒకే తడిగుడ్డతో వరసగా ముక్కులు తుడుస్తున్నాడు. చీము కారుతున్న గుర్రాన్ని తుడిచి, అదే గుడ్డతో పక్కనున్న గుర్రప్పిల్లను తుడిచాడు.

"ఏం చేస్తాండావు సాయిబూ?"

"మీరు వస్తాండారని సాబ్. చీమిడి ముక్కులతో నిలబెడితే మర్యాదనా? అందరం తుడుస్తాం కదా."

డాక్టరుగారు నా చేతిలోని పుస్తకం తీసుకుని, నింపిన పేజీలన్నీ అడ్డంగా కొట్టేశారు. కబురు పంపి తప్పు చేశానని గొణిగాను.

"పంపమన్నది నేను కదప్పా. మళ్లా మొదటినుంచి చూద్దాంలే" అన్నారు.

సాయిబు గుర్రప్పిల్లకు జబ్బు అంటనే అంటింది. గడ్డ కోసి, కాపడం పెట్టి, సూదులు వేసి నాలుగు రోజులు దాన్ని విడవలేదు డాక్టరుగారు. దక్కలేదు.

"నా చేత్తో నేనే చంపుకున్నానా సాబ్?" అని సాయిబు కూలబడ్డాడు.

"నీ గుడ్డ కాదు, నా కబురు చంపింది. నేను వస్తాననబట్టే కదా నువ్వు తుడిచింది" అన్నారు ఆయన, జట్కావాళ్లందరూ వింటుండగా. "గుర్రానికి నోరు లేదు. ముక్కుతోనే చెప్తాది. చెప్పనియ్యండి."

ఆఫీసరు అయ్యుండి వీళ్ల ముందు తల వంచడమేమిటని నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండోసారి రాసిన పుస్తకంతోనే ఏ కొట్టాలను వేరుచేయాలో తెలిసింది. మరుసటి ఈతలో పుట్టిన గుర్రప్పిల్లలు చాలావరకు నిలిచాయి. ఆయన మాట వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం, సాయిబు గుర్రప్పిల్ల పోయాక రెండోసారి రాయడం మొదలుపెట్టిన ఉదయమే.

సాయిబు మాకంటే ముందే కొట్టం కొట్టానికీ తిరిగాడట. "ఎవరూ తుడవాకండప్పా. ఉండేది ఉండేట్టే చూపీండి" అన్నాడట. మేం వెళ్లేసరికి వీధి పొడవునా గుర్రాలు ఎడమెడంగా, చీము కారుతూ, ఈగలు ముసురుతూ నిలబడి ఉన్నాయి. పక్కన వాటి యజమానులు సిగ్గుతో తల దించుకుని, చేతులు కట్టుకుని ఉన్నారు. డాక్టరుగారు చొక్కా చేతులు మడిచి, మొదటి గుర్రం దగ్గరికి నడిచారు.