పెబ్బేరు రాయని వీసా

మా నాన్న ఇప్పటికీ పాత పాలమూరు జిల్లాలోనే బతుకుతుంటాడు. జిల్లా ముక్కలై మా గద్వాల వేరైనా, కృష్ణ అవతలి పెబ్బేరు వనపర్తిలోకి పోయినా, ఆయన లెక్కలో అంతా ఒక్కటే. అందుకే కరాచీ నుంచి వచ్చే తన పెద్దక్కకు వీసా కాగితాలు నింపించేటప్పుడు, ఏయే ఊళ్లకు వెళ్తారన్న చోట హైదరాబాద్, గద్వాల అని రాయించి ఊరుకున్నాడు. చిన్నక్క ఉన్న పెబ్బేరు కూడా ఒక ఊరే అని ఆయనకు తట్టలేదు. పొద్దున బస్సెక్కి, సంత చేసుకుని, పగటి అన్నానికి ఇల్లు చేరే చోటును ఎవరైనా వేరే ఊరంటారా?

పెద్ద ఫుప్పు, అంటే మా పెద్ద మేనత్త, ఈ గద్వాల గల్లీలోనే పుట్టింది. కరాచీలో ఉన్న దగ్గరి చుట్టాలబ్బాయిని చేసుకుని పోయి, ఆ దేశపు మనిషైంది. ఆమె ఈసారి వచ్చిందే చిన్న ఫుప్పు కోసం. చిన్న ఫుప్పుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం మీద నుంచి కదిలించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెల్లెలు అక్క దగ్గరికి రాలేదు కాబట్టి అక్కే పోవాలి.

వచ్చిన మర్నాడు హాజరు వేయించుకోవడానికి పోలీస్‌ స్టేషన్‌కు పోయాం. అక్కడి జమేదారు వీసా తిరగేసి, తల గోక్కున్నాడు.

“జిల్లా దాటొద్దమ్మా. కృష్ణ మీది బీచుపల్లి వంతెన దాక మీ ఇష్టం. పెబ్బేరు ఈ కాయితంల లేదు.”

ఫుప్పు నవ్వింది. “పెబ్బేరుకు వీసా ఏంది బిడ్డా? మా అబ్బా ఎడ్లు కొననీకి పోయేటోడు. ఆయన ఎన్క నేను ఉరుక్కుంట పోయేదాన్ని.”

“నాకు తెల్వదా అమ్మా. మీ పాస్‌పోర్టు గసుంటిది. నేనేం జేయాలె చెప్పు.”

పెబ్బేరు కలపమని దరఖాస్తు పెట్టాం. ఫైలు పైకి పోయిందన్నారు. పైకి పోయింది మళ్లీ కిందికి దిగలేదు.

ఇంట్లో మేమంతా ఉర్దూలో మాట్లాడుతుంటే ఫుప్పు తెలుగులో జవాబిచ్చేది. “ఆడ తెలుగు మాట్లాడనీకి నాకు గోడలే దిక్కు. ఈడన్న నోరు తెరవనియ్యుండ్రి” అనేది. మొదట్లో అలా జోకులేసిన మనిషి రోజురోజుకూ ముడుచుకుపోయింది. గడప దగ్గర కూర్చునేది, లేచేది, మిద్దె మీదికి పోయి నది ఉన్న దిక్కు చూసేది. వీడియో కాల్ చేసిస్తే చిన్న ఫుప్పు కళ్లు మాత్రం కదిలేవి. “ఫోన్ల చూడనీకైతె కరాచీల కూసోనే చూస్తుంటి గద” అని ఫోన్ నా ఒళ్లో పడేసేది. ఆమెతో పాటు మాక్కూడా ఊపిరాడేది కాదు. ఎవరం పెబ్బేరు మాట ఎత్తేవాళ్లం కాదు. మాలో ఎవరం పోయి చూసొచ్చినా తప్పు చేసినట్టే అనిపించేది.

ఆ రోజుల్లోనే ఒక తెల్లాయన మా బజారులో టీ తాగుతూ కనిపించాడు. పెబ్బేరు సంతలో ఎడ్ల ఫొటోలు తీసుకుని వచ్చాడట. ఇక నాగర్‌కర్నూల్ మీదుగా మన్ననూరు పోయి పులుల అడవి చూస్తాడట. పాపం ఆయన మంచివాడే, నా ఫొటో కూడా తీస్తానన్నాడు. ఆయన మీద నాకేం కోపం? ఆ రూలు మీద ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. తప్పు చేసినవాణ్ణి ఆపితే కాదన్నదెవరు? ఏం చేశావని అడగకుండా, ఏ దేశమని అడిగి తలుపేయడం ఏం న్యాయం? ఇక్కడి ఎడ్లను ఆయన చూడొచ్చు, ఇక్కడి చెల్లెల్ని మా ఫుప్పు చూడొద్దు. ఇప్పుడైతే ఆ దేశం వాళ్లకు ఆ రెండూళ్ల వీసా కూడా ఇవ్వడం లేదు.

“బుర్ఖా వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది, పోదాం పద” అన్నాను ఒకరోజు. నాన్న నా మీద అంతెత్తున లేచాడు. “దొరికితే? అక్కను జైల్ల ఏస్తరు. పెబ్బేరోళ్ల మీద కేసైతది. పరేషాన్ చెయ్యకు.”

ఫుప్పు అడిగితే బీచుపల్లి దాకా మాత్రం తీసుకుపోయాను. వంతెన ఇవతలి కొసన నిలబడి పెబ్బేరు బస్సు పోతుంటే చూసింది. కండక్టరు ఎక్కుతారా అని చెయ్యూపాడు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఆ శుక్రవారం పొద్దున పెబ్బేరు నుంచి ఫోనొచ్చింది. చిన్న ఫుప్పు పోయింది.

పెద్ద ఫుప్పు ఏడవలేదు. బుర్ఖా వేసుకుని చెప్పులు తొడుక్కుని గడప దాకా వచ్చింది. నాన్న ఈసారి అడ్డం రాలేదు. ఆమే ఆగిపోయింది. “మయ్యత్ ఇంటికి పోలీసులను తోల్కపోనా? వద్దు” అని చెప్పులు విడిచింది. తర్వాత, “కఫన్ మనదే గద?” అని అడిగింది.

మనదే. పెళ్లయిన ఆడదానికి ఆఖరి బట్ట పుట్టింటి నుంచే పోవాలి, మా దగ్గర అదే ఆచారం. నాన్న బజారుకు పోయి తెల్లబట్ట తెచ్చాడు. దాన్ని కొలిచి చింపాలి. చిన్నక్క ఎత్తెంతో ఆయన సరిగ్గా చెప్పలేకపోయాడు.

“నా అంతే ఉండె. ఆమె పెండ్లికి నా పెండ్లి బట్టల జోడే తొడిగితిమి” అంది ఫుప్పు. నడింట్లో నిలబడి బట్టను తన తల మీది నుంచి పాదాల కిందికి జారవిడిచింది. కింది కొస నాచేత పట్టించింది. బతికున్న మనిషికి కఫన్ కొలుస్తూ, ఆ కొసను ఆమె పాదాల దగ్గర నేలకు ఆనించి పట్టాను.

“ఇంకింత ఇడువు. తక్కువైతే పుట్టింటోళ్లు పిసినారులంటరు” అంది. చింపుతున్నప్పుడు ఏడ్చింది.

మూట ఒళ్లో పెట్టుకుని నేనూ నాన్నా వంతెన దాటాం. మమ్మల్ని ఎవరూ ఆపలేదు. గుసుల్‌కు, అంటే ఆఖరి స్నానానికి, ఆడవాళ్లతో పాటు నేనూ కూర్చుని నీళ్లు అందించాను. మంచాన పడి చిన్న ఫుప్పు చిన్నపిల్లంత అయిపోయింది. కఫన్ పాదాలు దాటి చాలా మిగిలింది. మిగిలినదాన్ని కాళ్ల కింద మడిచి కట్టారు.

మట్టి అయ్యాక ఫుప్పు ఫోన్ చేసింది. ఇంకేమీ అడగలేదు.

“సరిపోయిందా?”

“సరిపోయింది ఫుప్పూ.”

“చెప్తి గద. మేమిద్దరం ఒక్కటే ఎత్తు.”

నేను ఊఁ అన్నాను. ఒక్కసారి చూడనిచ్చి ఉంటే ఆమె కొలత తప్పేది కాదు.