ఉత్త నాడె చప్పుడు

ఆ రోజుల్లో నేనెంత కష్టజీవినో ధర్మవరంలో మా మామవాళ్ల వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది (నేసిన చీర మాత్రం చెప్పదు). డిగ్రీ అయ్యాక హిందూపురంలో ఫోను చూస్తూ పడుకుంటే చూడలేక, "పోయి మీ మామ దగ్గరుండు. కష్టమంటే ఏందో ఆయప్ప చెప్తాడు" అని నాయన రైలెక్కించాడు.

ఆ మాట అక్షరాలా నిజం. మామ చెప్పేవాడే. పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూర్చుంటే సంగటి వేళ దాకా దారినపోయేవాళ్లకు బుద్ధులు. "ఏమబ్బా, పనీపాటా లేకుండా యాడికి పోతాండావు? మా అల్లుడి మగ్గం ఇనపడతాండాదా?" ఆ వీధిలో మనిషి కష్టాన్ని చెవులతోనే కొలుస్తారు. మూడు నెలల్లో నేత కొద్దిగా పట్టుబడింది. ఒక మధ్యాహ్నం, పోగుల మధ్య దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం అయిపోయింది. మార్చడానికి బద్ధకించి ఉత్త నాడెనే ఆడించాను. అరుగు మీంచి "భేష్" అని వినిపించింది. ఇక ప్రతి మధ్యాహ్నం గోడకు జారగిలబడి, కళ్లు మూసుకుని, నాడెను ఆడించే తాడు లాగడమే నా నేత. నాది చప్పుడు, ఆయనది చెప్పుడు; ఆ ఇంట్లో కష్టానికేం లోటు లేదు.

లోటల్లా చీరకే. అది పెనుకొండ పెళ్లికూతురు ముహూర్తానికి కట్టుకోవలసిన పట్టుచీర. పెళ్లి ఐదు రోజులుందనగా అత్త మగ్గం దగ్గరికొచ్చింది. ఎంత నేశామో తెలియడానికి మధ్యాహ్నం తాను అంచుకు కట్టిన గుర్తుదారం సాయంత్రమైనా నేత ఆగిన చోటే ఉంది. నాడె తీసి చూసింది. కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోనే నేను లేచి నిలబడ్డాను.

"సోంబేరోడు, తిండి దండగ," అన్నాడు మామ అరుగు మీంచే.

"వాడు శబ్దమన్నా చేస్తాండాడు," అంది అత్త నెమ్మదిగా. "నువ్వు?"

మామ అరుగు దిగి లోపలికొచ్చాడు. ఆ నాలుగు రోజులూ ఒకరు లేస్తే ఒకరం మగ్గంలో కూర్చున్నాం. ఐదో రోజు పొద్దున మామ తడి ఆరని తలతో చీర పట్టుకుని పెనుకొండ రైలుకు పరుగెత్తాడు. వంట, నాడెకు దారం కండెలు చుట్టడం, మా ఇద్దరి కాపలా అన్నీ మోసిన అత్త, కాఫీ గ్లాసుతో మొదటిసారి అరుగు మీద కూర్చుంది. మామ చేత రోజూ తిట్లు తినే ఎదురింటాయన అటే పోతూ ఆగాడు.

"ఏమక్కా, పనేం లేదా, ఊరికే కూర్చున్నావు?"

ఇప్పుడు హిందూపురంలో ఆఫీసు ఉద్యోగం. మేనేజరు వెనకగా వస్తే నా వేళ్లు వాటంతటవే కీబోర్డు మీద టకటకలాడతాయి. "బాగా కష్టపడతాండావప్పా" అని ఆయన వెళ్లిపోతాడు. నేను మాత్రం, అత్త ఎక్కడ నిలబడి గుర్తుదారం వెతుకుతోందోనని, ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.